గుర్రుమనుట – కుక్క మనకిచ్చు తాఖీదు

ఈ ప్రత్యేక సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాయుమని సంఘమువారు కోరినప్పుడు మేము చెప్పిన విషయము విని మిత్రులు నవ్విరి. ఆలయములు, శాసనములు, కవులు, ప్రభువులు - ఇవి గదా మన సంచికలకు తగిన వస్తువులు. కుక్క గుర్రుమనుటకు చరిత్ర యెక్కడిదని వారు అడిగిరి. చరిత్ర కలదు. అది రాజవంశముల చరిత్రకంటె ప్రాచీనమైనది. నేటికిని మన ఇండ్లలో నడుచుచున్నది. దానిని తెలియక మేమొక తప్పు చేసితిమి. ఆ తప్పునకు ఫలమును మేము గాక మా మనుమడు అనుభవించెను. ఈ వ్యాసమునకు కారణము అదియే.

కుక్కను గూర్చి మన తెలుగువారికి సామెతలు కొల్లలు. మొరిగే కుక్క కరవదందురు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ యందురు. కుక్క తోక వంకర యందురు. ఈ మూడింటిని కలిపి చూచినచో మన పెద్దల శునకశాస్త్రము బోధపడును: అరుపును లక్ష్యపెట్టకుము, కరచినచో కొట్టుము, దాని గుణము మారదని నమ్ముము. మేమును ఈ శాస్త్రముననే పెరిగితిమి. కాని మొరుగుట వేరు, గుర్రుమనుట వేరు. మొరుగుట దూరమునకు వినబడునట్లు పదిమందిని పిలుచుట. గుర్రుమనుట దగ్గరనున్న ఒక్కరితో పండ్లబిగువున చెప్పు మాట. ఈ భేదమును మన సామెతలు పట్టించుకొనలేదు.

ఇతిహాసము మాత్రము సామెతవలె తొందరపడలేదు. భారతకథ మొదటనే, ఆదిపర్వమున, సరమ యను దేవశునకి వృత్తాంతము వచ్చును. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టు తెనిగించిన భాగములోనిది యీ కథ. సరమ కుమారుడు ఆడుకొనుచు జనమేజయుని యజ్ఞభూమికి పోయెను. ఏ అపరాధమును చేయకయే రాజు తమ్ములచేత దెబ్బలు తినెను. పిల్ల ఏడ్చుచు వచ్చి చెప్పగా తల్లి నేరుగా రాజునొద్దకు పోయి న్యాయమడిగెను. ముందువెనుకలు విచారింపక బలహీనులను బాధించువారికి ఊహింపని భయము కలుగునని చెప్పి వెడలిపోయెను. ఈ కథను మేము బడిలో చదివితిమి, పరీక్షలో వ్రాసితిమి, కాని మనసున పెట్టుకొనలేదు.

మన దక్షిణదేశమున కుక్కకు గౌరవము దక్కిన సందర్భములును కలవు. కర్ణాటకమునందలి మన సోదరులు మండ్య జిల్లాలోని ఆతకూరు పేరు వినియుందురు. 949 ప్రాంతమున తక్కోలముకడ రాష్ట్రకూట ప్రభువైన మూడవ కృష్ణుడు చోళరాజకుమారుడైన రాజాదిత్యునితో పోరినప్పుడు గంగరాజగు బూతుగుడు ఆయనకు తోడ్పడెను. బూతుగుని అనుచరుడైన మణలేరుడు మెచ్చదగిన శౌర్యము చూపెను. ఏమి కావలెనో కోరుకొమ్మనగా అతడు బంగారమడుగక కాళి యను జాగిలమును కోరెను. తరువాత ఆ జాగిలము ఒక గొప్ప అడవిపందితో పోరి, దానిని చంపి, తానును చచ్చెను. ఆ కుక్కకు వీరశిల నెత్తించి భూమిని దానమిచ్చిరి. ఆ శిల బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియమున నున్నది.

ఇక తమిళదేశమునకు వత్తము. విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల పాదమున రాజపాళయము కలదు. విజయనగర కాలమున ఉత్తరమునుండి వచ్చినవారమని చెప్పుకొను తెలుగు రాజులు అక్కడ తరతరములుగా నివసించుచున్నారు. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగాను, పిమ్మట ఒరిస్సా గవర్నరుగాను పనిచేసిన పి. ఎస్. కుమారస్వామిరాజాగారు ఆ ఊరివారే. ఆ ఊరి పేరనే ప్రసిద్ధమైన జాతికుక్క యొకటి కలదు. తెల్లని పొట్టి వెండ్రుకలు, గులాబివన్నె ముక్కు, పొడవైన కాళ్లు దాని లక్షణములు. పాలెగాండ్ర యుద్ధములలో ఈ కుక్కలు తెల్లదొరల గుర్రపుసాలలపై దుమికినవని అచ్చటివారు చెప్పుకొందురు. అది కథయైనను, ఇంటికిని చేనికిని కాపలాయుండుట, అడవిపందిని వేటాడుట దాని వృత్తియనుట నిజము. 2005 జనవరి 9న మన తపాలాశాఖవారు స్వదేశపు కుక్కజాతులు నాలుగింటిపై తపాలాబిళ్లలు వెలువరించిరి. వానిలో రాంపురము, ముధోళ జాగిలములతోను, హిమాలయ ప్రాంతపు గొర్రెలకాపరి కుక్కతోను పాటు రాజపాళయపు కుక్కయు చోటు పొందెను.

మేము మదురై సమీపమున స్థిరపడిన కుటుంబీకులము. 2015లో రాజపాళయమునందలి మిత్రులొకరు మాకు కుక్కపిల్లను బహూకరించిరి. తెల్లగా నుండుటచేత ముత్యాలు అని పేరు పెట్టితిమి. ఏడాది నిండునప్పటికి అది కూడు తినుచుండగా ఎవరైన గిన్నె దగ్గరకు పోయినచో తల వంచి, తినుట ఆపి, గుర్రుమనుట మొదలుపెట్టెను. అన్నము పెట్టిన చేతినే బెదిరించునా యని మాకు కోపము వచ్చెను. మేము ముప్పదియేండ్లు గుమాస్తాగిరి చేసినవారము. ఎదురుమాట వినుట మాకు అలవాటే గాని, ఇంటిలో కూడ వినవలసివచ్చుట సహింపలేకపోతిమి. గుర్రుమనినప్పుడెల్ల చెప్పుతో కొట్టితిమి, గిన్నె లాగుకొంటిమి. మూడునెలలలో గుర్రు మానెను. కుక్కకు బుద్ధి వచ్చినదని ఇరుగుపొరుగువారితో గొప్పగా చెప్పుకొంటిమి.

2018 వేసవి సెలవులకు మా అమ్మాయి పిల్లవానితో వచ్చెను. వానికప్పుడు ఆరేండ్లు. వాని బంతి దొర్లి కుక్క గిన్నె ప్రక్కకు పోయెను. వాడు వంగి చేయి చాచెను. ముత్యాలు గుర్రుమనలేదు, ఒక్క చప్పుడైనను చేయలేదు, చేతిని పట్టెను. మేము మూడు బారల దూరముననే కూర్చుండి పత్రిక చదువుచుంటిమి. పిల్లవాని కేక వినినప్పుడు గాని తల యెత్తలేదు. సబ్బుతో పంపునీటి క్రింద గాయమును కడిగి ఆసుపత్రికి తీసికొనిపోతిమి. గాయములో మందు ఎక్కించి, టీకాలు వేసిరి. వాని కుడిచేతిమీది మచ్చ నేటికిని పోలేదు.

కుక్కను ఎక్కడనైన వదలిపెట్టుమని బంధువులు చెప్పిరి. కొందరు అంతకంటె కఠినమైన మాటయే చెప్పిరి. దానిని తిరిగి తీసికొందురేమో కనుగొనవలెనని రాజపాళయమునకు పోతిమి. మిత్రుని తల్లిగారు ఎనుబదియేండ్ల వృద్ధురాలు. జరిగినదంతయు విని ఆమె యిట్లనిరి: “అది చెప్తానే ఉండె గద నాయనా. చెప్పినప్పుడల్లా నువ్వు నోరు మూయిస్తివి. నోరు లేకుండా జేసి, చెప్పకుండా కరిచిందని అంటే ఎట్లా?” మాకు నోట మాట రాలేదు. కుక్కను వదలక తిరిగి వచ్చితిమి. అప్పటినుండి ఈ గుర్రు అనునది యేమో తెలిసికొనుటకు గ్రంథాలయములోను, పశువైద్యులొద్దను విచారించితిమి. ఆ విచారణ ఫలమే మీముందు పెట్టుచున్నాము.

పాశ్చాత్యులలో ఈ విషయమును శాస్త్రదృష్టితో చూచిన ఆద్యులలో చార్లెస్ డార్విన్ ఒకడు. 1872లో మనుష్యుల యొక్కయు జంతువుల యొక్కయు భావప్రకటనమును గూర్చి ఆయన ఒక గ్రంథము ప్రకటించెను. శత్రువు నెదుర్కొను కుక్క బిగిసి నడచుట, తోక నిగిడించుట, మెడమీది వెండ్రుకలు నిక్కబొడుచుట, కోరలు బయటపెట్టి గుర్రుమనుట ఆయన వర్ణించెను. అదే కుక్క తాను చూచినవాడు యజమానియని గుర్తించినంతనే ఒడలంతయు వంచి, తోక నాడించి, ముందటి భంగిమకు పూర్తిగా విరుద్ధమైన భంగిమను దాల్చునని చూపెను. అనగా కుక్క శరీరమంతయు ఒక భాష. గుర్రు ఆ భాషలో ఒక మాట.

అయితే ఆ భాషను నేర్చుకొనుటకంటె దానిని అణచుటకే తరువాతివారు ఎక్కువ శ్రద్ధ చూపిరి. జర్మనీలో పోలీసుకుక్కలకు శిక్షణ నిచ్చిన కొన్రాడ్ మోస్ట్ 1910లో ఒక శిక్షణగ్రంథము వ్రాసెను. బహుమానమును ఆయన విస్మరింపలేదు. కాని నిర్బంధము, బలప్రయోగము ఆ పద్ధతికి మూలస్తంభములు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధింపబడిన తోడేళ్లను పరిశీలించి, అవి పెత్తనమునకై నిత్యము పోరాడునని వ్రాసెను. కుక్క తోడేలు సంతతిది గనుక, ఇంటిలో యజమాని పెద్ద తోడేలుగా నుండవలెనను సిద్ధాంతము దీనినుండి బలపడెను. 1978లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ గ్రంథము, ఎదురుతిరిగిన కుక్కను వెల్లకిల పడవైచి అదిమిపట్టుమని బోధించెను. ఆ గ్రంథకర్తలే తరువాతి కూర్పులో ఆ ఉపదేశమును మానుకొనిరి.

ఈ సిద్ధాంతమును సవరించినవాడు తోడేళ్లను గూర్చి 1970లో గొప్ప గ్రంథము వ్రాసిన డేవిడ్ మెక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడే. ఆయన 1986 నుండి ఉత్తరధ్రువ సమీపమునందలి ఎల్స్‌మీర్ ద్వీపమున స్వేచ్ఛగా తిరుగు తోడేళ్లను వేసవివేసవికి పోయి చూచెను. గుంపు అనగా తల్లి, తండ్రి, వాని పిల్లలు. పెద్దరికము పోరాటమువలన గాక కన్నవారగుటచేతనే వచ్చునని 1999లో ప్రకటించెను. తాను వ్రాసినదానిలోని పొరపాటును తానే దిద్దుకొన్న పండితునికి మేము నమస్కరించుచున్నాము. పరిచయము లేని తోడేళ్లను ఒక దొడ్డిలో త్రోసి, అవి కొట్లాడుట చూచి, అదియే వాని స్వభావమని వ్రాయుట, సంతలో జగడము చూచి ఆ ఊరివారి కాపురములు నిర్ణయించినట్లున్నది.

దెబ్బల ఫలమెట్టిదో 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు లెక్క తీసిరి. చికిత్సకు వచ్చిన కుక్కల యజమానులు 140 మంది చెప్పినది వ్రాసికొనిరి. కొట్టుట, తన్నుట ప్రయోగించినవారిలో నూటికి 43 మందికి కుక్క కోపముతో తిరుగబడినది. కుక్కమీద తామును గుర్రుమనినవారిలో 41 మందికి, నోటిలోనిది బలవంతముగా లాగుకొన్నవారిలో 39 మందికి, వెల్లకిల పడవైచినవారిలో 31 మందికి అదే అనుభవము. ఇవి ముందే చిక్కులున్న కుక్కలని ఒప్పుకొనవలెను. అయినను గుర్రుమను కుక్కయే గదా మన ప్రసక్తి.

గుర్రు అర్థమును హంగేరీలోని బుడాపెస్టు పరిశోధకులు మరింత సూక్ష్మముగా పరీక్షించిరి. ఎముకను కాపాడుకొను కుక్క గుర్రు, క్రొత్తవానిని బెదిరించు కుక్క గుర్రు, ఆటలోని గుర్రు - ఈ మూడింటిని ధ్వనిముద్రణ చేసిరి. ఎముక నందుకొనబోవు మరియొక కుక్కకు వానిని వినిపించిరి. ఎముకను కాపాడు గుర్రు వినినప్పుడే అది ఎక్కువగా వెనుకాడెను. ఇది 2010 నాటి మాట. 2017లో అదే బృందమువారు 40 మంది మనుష్యులకు గుర్రులు వినిపించి అర్థము చెప్పుమనిరి. ఆట గుర్రును నూటికి 81 పాళ్లు, తిండి గుర్రును 60 పాళ్లు, బెదిరింపు గుర్రును 50 పాళ్లు సరిగా గుర్తించిరి. స్త్రీలు పురుషులకంటె బాగుగా గుర్తించిరి. రాజపాళయపు వృద్ధమాత ముందు మేము తలవంచుకొన్నది న్యాయమే.

ఇన్ని చదివిన పిమ్మట మాకు తోచినది మా వృత్తిభాషలోనే చెప్పుదుము. కచేరీలో ఎవరిమీదనైన చర్య తీసికొనుటకు ముందు తాఖీదు పంపుదురు. ఫలానా పని మానుము, లేనిచో ఫలానా చర్య జరుగునని అందులో నుండును. గుర్రు కుక్క పంపు తాఖీదు. దానిని చింపి పారవేసినంతమాత్రమున దావా కొట్టుడుపోదు. తాఖీదు పంపినవానినే కొట్టినచో అతడు ఇకమీదట తాఖీదు పంపడు. నేరుగా చర్య తీసికొనును. మేము ముత్యాలులోని భయమును తీయలేదు. భయమును చెప్పు నోటిని మూసితిమి. చెప్పుదెబ్బలవలన దానికి బుద్ధి రాలేదు, మౌనము వచ్చినది. రెండును ఒకటేయని మేము రెండేండ్లు భ్రమపడితిమి.

మన పెద్దలు గుర్రు వినగానే కర్ర నేల తీసిరో కూడ ఆలోచింపవలెను. వారి భయము కరపునకు మాత్రమే కాదు, పిచ్చికుక్క కాటునకు. 1885లో పారిస్ నగరమున లూయీ పాశ్చర్ మొదటి టీకా వేసెను. మన దేశమున 1900లో కసౌలీలోను, 1907లో నీలగిరులలోని కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలసెను. అంతకుముందు దక్షిణమువారికి దగ్గరలో చికిత్సయే లేదు. పిమ్మట వచ్చిన సెంపుల్ టీకా గొర్రె మెదడునుండి చేసినది. కడుపులో పదునాలుగు సూదులు పొడిచెడివారు. 2005 నాటికి ఆ టీకా మన దేశమున నిలిచిపోయి, దాని చోట మేలైన టీకాలు వచ్చినవి. ఆ సూదుల తలంపుతో కర్ర పట్టినవారిని మేము నిందింపము. కాని భయము నాటి భయము. కర్ర మాత్రము నేటికిని మన చేతనే యున్నది.

మరి కర్రకు బదులేమి? దీనికిని ఒక చరిత్ర కలదు. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్, 1904లో నోబెల్ బహుమతి పొందినవాడు, కూడు రాకకు ముందు వినబడు చప్పుడునకే కుక్క నోరూరునని చూపెను. రెండు విషయములు మాటిమాటికి వెంటవెంట వచ్చినచో మొదటిది రెండవదాని గుణమును పొందునని దాని సారము. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను విదుషీమణి దీనిని ఒక పసివానియెడ ప్రయోగించెను. పీటర్ అని ఆమె పేర్కొన్న సుమారు మూడేండ్ల బాలుడు కుందేలును చూచి భయపడుచుండెను. వానికి ఇష్టమైనది తినిపించుచు, కుందేలును మొదట దూరమున నుంచి, దినదినమునకు కొంత దగ్గరకు తెచ్చిరి. చివరకు వాడు కుందేలును నిమిరెను. నేడు పశువైద్యులు చెప్పు పద్ధతి ఇదియే; బాలుని స్థానమున కుక్క, కుందేలు స్థానమున మనము.

మేము చేసినది చెప్పుదుము. మొదట పశువైద్యునిచేత పరీక్ష చేయించితిమి. పంటినొప్పి, చెవిపోటు, కీళ్లనొప్పి ఉన్న కుక్కయు గుర్రుమనును గదా. రాజపాళయపు తెల్లకుక్కలలో పుట్టుచెవుడు కనబడును గనుక, వెనుకనుండి చప్పట్లు చరచి అదియు చూచితిమి. పిమ్మట కూడు పెట్టుచోటును ఒక మూలకు మార్చి, పిల్లలు అటు పోకుండ అడ్డుకట్ట కట్టించితిమి. ముత్యాలు తినునప్పుడు అది ఏమాత్రము బిగిసికొననంత దూరమున, సుమారు పదియడుగుల యెడమున నడచుచు, గిన్నెలోనిదానికంటె రుచియైన మాంసపు ముక్క నొకటి విసరి వెడలిపోయెడివారము. వారములు గడచినకొలది ఒక్కొక్క అడుగు దగ్గరైతిమి. తినుట ఆపినను, ఒడలు బిగిసినను, ఓరచూపు చూచినను మరునాడు వెనుకకు జరిగితిమి. గిన్నె లాగుకొనుట పూర్తిగా మానితిమి. సుమారు ఆరునెలలకు మేము దగ్గరకు వచ్చినచో అది తల యెత్తి తోక నాడించుటకు మొదలుపెట్టెను. మేము దొంగగా గాక దాతగా దానికి కనబడితిమి.

ఇంటింటికి పనికివచ్చునని నాలుగు మాటలు చెప్పి ముగింతుము. కుక్క గుర్రుమనినప్పుడు కొట్టరాదు, కేకలు వేయరాదు, ఆగి, మెల్లగా వెనుకకు తగ్గవలెను. ఎప్పుడు, ఎవరిని చూచి, దేనికొరకు గుర్రుమనెనో వ్రాసిపెట్టుకొనవలెను. తినుచున్న, నిద్రించుచున్న, పిల్లలకు పాలిచ్చుచున్న కుక్క దగ్గరకు పిల్లలను పోనీయరాదు; చిన్నపిల్లలను కుక్కతో ఒంటరిగా విడువరాదు. ఒకమారు కరచిన కుక్క విషయమున సొంత ప్రయోగములు చేయక తెలిసిన పశువైద్యుని ఆశ్రయింపవలెను. కుక్కకు ఏటేట టీకా వేయింపవలెను. కరచినచో గాయమును సబ్బుతో ధారనీటిలో పదునైదు నిమిషములు కడిగి ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము పూయరాదు.

మనము మూడు నాలుగు వందల యేండ్లుగా పరభాషా ప్రాంతములలో బ్రదుకుచున్నవారము. మన మాట ఎదుటివానికి తెలియనప్పుడు వాడు మనపై విసుగుకొనుట ఎట్లుండునో, కార్యాలయపు గవాక్షముకడను బడిలోను మనలో పలువురికి అనుభవమే. నోరున్న మనకే అట్లుండగా, ఒక్క గుర్రు తప్ప వేరుమాట లేని ప్రాణి సంగతి చెప్పనేల?

2020లో ఒకనాడు పొరుగింటి పసిబిడ్డ ప్రాకుకొనుచు మా వరండాలో నిదురించుచున్న ముత్యాలు దగ్గరకు వచ్చెను. నాలుగేండ్లుగా వినని ఆ చప్పుడు మాకు వినబడెను - సన్నగా, గొంతులోనే. మేము లేచి బిడ్డ నెత్తుకొంటిమి. ముత్యాలును ఏమియు అనలేదు. తరువాత ఒక మాంసపు ముక్క పెట్టితిమి. ముత్యాలు 2024లో వృద్ధాప్యమున కన్నుమూసెను. దాని గొంతునుండి మేము వినిన శబ్దములలో నేటికిని చెవిని నిలిచియున్నది ఆ గుర్రే. అది మమ్ము మరల నమ్మి, చెప్పవలసినది చెప్పెను. ఆ మారు మేము వింటిమి.